నక్క రాయించుకున్న జోలపాట

చిట్టడవిలో కౌజుపిట్ట సింగారమ్మ తన పిల్లల కోసం ఓ జోలపాట కట్టింది. అది వింటూ ముళ్లపందులు సైతం ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోయేవి.

ఆ పాట మీద జిత్తయ్య నక్క కన్నుపడింది. ఎవరు కట్టిన పాట వారిదని టేకాకుల చిట్టాలో రాసి ముద్ర వేసేది తాబేలు కూర్మయ్య. నక్క పొద్దున్నే అతని దగ్గరికి పరుగెత్తి, పాటలో ప్రతి మాటా తన నోటిదేనని ప్రమాణం చేసి, తన పేర రాయించుకున్నాడు. ఇకమీదట తన అనుమతి లేనిదే ఆ పాట పాడకూడదని సింగారమ్మకు చెప్పిపోయాడు.

ఆమె కూర్మయ్య దగ్గరికెళ్లి మొత్తుకుంది. ముందొచ్చి ప్రమాణం చేసినవాడి పేరే రాస్తాననీ, వాడే వచ్చి కాదంటే తప్ప కొట్టెయ్యలేననీ అతను నసిగాడు. జోల లేక పిల్లలకు మూడు రోజులు కునుకు లేదు. తల్లీ ఏడ్చింది. నాలుగోనాడు ఎందుకో ఆమెకు నవ్వొచ్చింది.

అప్పటికి ఎలుగుబంటి భల్లన్న, తన పనసపండు ఎత్తుకెళ్లిన దొంగ కోసం అడవి గాలిస్తున్నాడు. సింగారమ్మ నక్క పొద పక్కనే కూర్చుని కొత్త పాట ఎత్తుకుంది. ఆ వరస వింటే తోక దానంతటదే ఊగుతుంది. తిన మరిగిన కోడి ఇల్లెక్కి కూసినట్టు, నక్క మళ్లీ చిట్టా దగ్గరికి పరుగు. మాటల మీద ధ్యాసే లేదు. ముద్ర పడగానే నీళ్లరేవులో అందరినీ పోగేసి, ఎగిరెగిరి పాడాడు:

"భల్లన్న పనసపండు మింగింది నేనే,
తొనలన్నీ తినేసి తొక్క దాచింది నేనే."

భల్లన్న లేచి నిలబడ్డాడు. ఇది ఉత్త పాటేనని నక్క నీళ్లు నమిలాడు.

"ప్రతి మాటా నీ నోటిదేనన్నావు కదయ్యా," అన్నాడు కూర్మయ్య.

భల్లన్న ఓ అడుగు ముందుకేశాడు.

"ఈ పాట నాది కాదు మామా. ఆ జోలపాటా నాది కాదు. రెండూ సింగారమ్మవే. నాకు ఊళ తప్ప ఏదీ రాదు."

"నెమ్మదిగా చెప్పు, రాసుకోవాలి," అన్నాడు కూర్మయ్య.

తాబేలు రాత. అక్షరానికో అడుగు చొప్పున భల్లన్న దగ్గరికొస్తున్నాడు. ఆఖరి అక్షరం పడేసరికి నక్క గుట్ట దాటేశాడు.

భల్లన్న చూపు ఇప్పుడు సింగారమ్మ మీదకి తిరిగింది.

"నా ముక్కు చూడు మామా. పనసపండు మోసే ముక్కేనా ఇది?"

భల్లన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ మధ్యాహ్నం మొదటి చరణం ముగియకుండానే పిల్లలు తల్లి రెక్కల కింద నిద్రపోయారు.

పరుల పాట నాదన్నవాడు, దాని వెంటొచ్చే పాట్లూ నావే అనాలి.