కోరంగి రేవున బోడి ఓడ

ప్రళయజలాల నడుమ మనువు నావను తన కొమ్మున కట్టుకొని నడిపించిన మత్స్యమూర్తికి నమస్కారం. ఆ స్వామిని తలచి, కోరంగి రేవున ఓడలు కట్టించిన ముక్తలింగాచార్యులవారి కథ, ఆయన శిష్యుడు భావనారాయణ కథ చెబుతున్నాను.

భావనారాయణ తొలిసారి తన చేతిమీదుగా ఒక ఓడ కట్టాడు. ఏటిగట్టున తవ్విన పెద్ద గోతిలో, దుంగల మీద, టేకు పలకలతో ఓడ మేను సిద్ధమైంది. ఏటికీ గోతికీ అడ్డంగా ఉన్న మట్టికట్టను తెగగొడితే చాలు, ఆనాటి పౌర్ణమి పోటుకు నీరు నిండి ఓడ తేలుతుంది.

ఆ పూటే తేలుద్దామని ఆచార్యులు అంటే శిష్యుడు ఒప్పుకోలేదు.

"తెరచాప స్తంభం నిలవలేదు. ముక్కుకు రంగైనా పడలేదు. ఈ బోడి ఓడను నలుగురి కంట ఎలా పడనిమ్మంటారు గురువుగారూ? అన్నీ అమర్చి వచ్చే పౌర్ణమికి తేలుద్దాం."

కట్ట అవతల, అడుగు పగిలిన ఓడ ఒకటి ఆ గోతికోసమే కాచుకొని ఉంది. లోనికి చేరే నీటిని మనుషులచేత తోడిస్తున్న సరంగు మస్తాను అక్కడినుంచే కేక వేశాడు.

"అబ్బాయిగారూ! మీ పెళ్లికూతురు ముస్తాబయ్యేలోగా మా ఓడలో చేపలు కాపురం పెడతాయండీ!"

భావనారాయణ ముఖం ఎర్రబడింది. "స్తంభాన్ని తూకపుగుండు పట్టి నిలపాలి. గోతిలోనైతే ఓడ కదలదు. నీటిలో అది కుదిరే పనేనా?"

"నిజమే నాయనా," అన్నారు ఆచార్యులు. "స్తంభం ఎక్కడ నిలుపుతావో ఒకసారి పైకెక్కి సుద్దతో గీసి చూపించు."

శిష్యుడు సంబరంగా ఎక్కి, వంగి గీయసాగాడు. ఆచార్యులు పంచె ఎగగట్టి, పార అందుకొని, కట్టకు చిన్న గండి కొట్టారు. మిగిలిన పని పోటే చేసింది.

ఓడ ఒకసారి మూలిగింది. దుంగలను విడిచి లేచింది. లేచి, ఎడమకు ఒరిగింది. పలకల సందుల్లో నీరు చెమర్చింది.

"గురువుగారూ! ఒరిగింది! కారుతోంది!"

"నీ గుండు పట్టి చూడు!"

గోతిలో ఉన్నప్పుడు ఓడకు నిట్టనిలువుగా బిగించిన గుంజ పక్కన భావనారాయణ గుండు వేలాడదీశాడు. గుంజ జానెడు వాలి ఉంది.

"అదే స్తంభమై ఉంటే?" అన్నారు ఆచార్యులు గట్టుమీదనుంచి. "కుడివైపున ఇసుక వేయించు. పలకలు నీరు తాగి ఉబ్బితే సందులు అవే మూసుకుంటాయి. స్తంభం సంగతి ఆ తరువాత."

మోకులు పట్టి బోడి ఓడను ఏటిలోకి లాగారు. మస్తాను ఓడ గోతిలోకి వచ్చింది. తోడితోడి అలసిన కళాసులు చెంబులు విసిరేసి ఈలలు వేశారు.

మోకాళ్లదాకా తడిసి దిగివచ్చాడు శిష్యుడు. "నేను తప్పుగా కట్టానా గురువుగారూ?"

"చక్కగా కట్టావు నాయనా. ఇన్నాళ్లూ నువ్వు చెప్పావు, ఓడ విన్నది. ఇక ఓడ చెబుతుంది, నువ్వు విను."

ఈ కథ విన్నవారి నావలన్నీ వేళకు ఒడ్డు విడుచుగాక! క్షేమంగా ఒడ్డు చేరుగాక!