వెండిగిన్నెలకు రాజాజ్ఞ

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఒకానొక రాజ్యంలో ఆ పని కూడా రాజే చూసుకునేవాడు. ఆ రాజ్యం పైడికొండ, ఆ రాజు ఉద్దండవర్మ. నాలుగు తర్కగ్రంథాలు తిరగేసిన దగ్గర్నుంచీ ఆయన్ని పట్టడానికి పగ్గాలు చాలలేదు.

"లోకమంతా పరమాణువుల మయం. అవి నా సైనికుల్లాంటివి, నిలబెట్టినచోట నిలబడతాయి. ఈ రాజ్యంలో నా ఆజ్ఞ లేనిదే పరమాణువైనా కదలదు!" అనేవాడు నిండుసభలో. పండితులు తలలూపేవారు. తల ఊపితే పోయేదేముంది, ఊపకపోతేనే పోతుంది!

ఆ సభలోనే దామయ్య అనే చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడం ఆయన ఉద్యోగం.

ఆ రాజవంశంలో ఒక ఆచారం ఉంది. ఏటా పట్టాభిషేకపు రోజున రాజు తాతలనాటి చిన్న వెండిగిన్నెలో పాలు తాగి, పెద్ద వెండిగిన్నెలోని పాయసం తన చేత్తో ప్రజలకు వడ్డించాలి. వంటశాల దాసి చంగలమ్మ ఆ గిన్నెలు తోమి, ఒకదానిలో ఒకటి పెట్టి మూటగట్టింది. వేడుకకు ముందురోజు ఉదయం మూట విప్పితే చిన్నది పెద్దదానిలో బిగుసుకుపోయి ఉంది. ఎంత లాగినా రాదు.

చంగలమ్మ వాటిని అలాగే సభకు తెచ్చి రాజుకు చూపింది. వస్తాదులు వచ్చారు. గిన్నెలు ఊడలేదుగానీ వస్తాదులిద్దరూ వెల్లకిలా పడ్డారు. "పొయ్యిమీద పెట్టండి!" అన్నాడు రాజు. పెట్టారు. రెండూ కాలాయి, రెండూ చల్లారాయి, రెండూ అలాగే ఉన్నాయి.

రాజుకు కోపం నషాళానికంటింది. "పరమాణువులు వాటంతట అవి కదలవు. కనక ఇది ఎవరో కావాలని బిగించిన పని. నాకు అపశకునం కోరి ఈ చంగలమ్మే చేసింది. పొద్దుగూకేలోగా ఇది రాజ్యం పొలిమేర దాటాలి!"

"మహాప్రభో! ఈ కోట వంటింట్లోనే పుట్టినదాన్ని. పొలిమేర అవతల నాకు గుక్కెడు మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు. నేనేం పాపం చేశాను?" అని చంగలమ్మ నేలమీద కూలబడింది.

దామయ్యకు ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన మాటను బలవంతాన మింగాడు. మండుతున్న రాజుకు మంటతో బదులిస్తే పొలిమేర దాటేవాళ్ళు ఇద్దరవుతారు, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. ఆయన చంగలమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"గిన్నెలు ఎలా తోమావమ్మా?"

"ఎలా ఏముంది అయ్యగారూ! పెద్దదానికి నేతి జిడ్డు వదలకపోతే సలసల కాగే నీళ్ళు పోశాను. చిన్నదాన్ని బావినీళ్ళతో కడిగాను. పెద్దదాని వేడి ఆరకముందే చిన్నది అందులో పెట్టి మూటగట్టాను. అంతే."

దామయ్య ఆలోచనలో పడ్డాడు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం గుర్తొచ్చారు. ఉక్కకు ఒకరికొకరు ఎడంగా, అటూ ఇటూ దొర్లుతూ ఉంటే వాకిలంతా చాలదు. అదే జనం పుష్యమాసపు చలికి ఒకే దుప్పటి కింద సర్దుకుంటారు. పరమాణువుల కాపురమూ అలాంటిదే అయితే? వేడికి పెద్దగిన్నె రవ్వంత విచ్చుకుంది, చిన్నది కిందికి దిగింది. చల్లారాక పెద్దది ముడుచుకుని చిన్నదాన్ని పట్టేసింది. పొయ్యిమీద పెడితే రెండూ కలిసే విచ్చుకున్నాయి. ఇక సందు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆయన లేచి నిలబడ్డాడు. "ప్రభూ, పరమాణువులు తమ మాట వింటాయని ఇంతమందిమీ నమ్మాం. తమరింకా ఆజ్ఞ ఇవ్వలేదు, అదే లోపం. ఒక్కసారి విడిపొమ్మనండి."

రాజు మీసం మెలేశాడు. "విడిపొండి!" అని గర్జించాడు. గిన్నెలు ఉలకలేదు, పలకలేదు.

"రాజాజ్ఞ వినడానికి స్నానమైనా చెయ్యకుండా ఎలా వస్తాయి ప్రభూ? పెద్దదానికి వేణ్ణీళ్ళు, చిన్నదానికి చన్నీళ్ళు తెప్పించండి."

తెచ్చారు. దామయ్య చిన్నగిన్నె నిండా చల్లటి బావినీళ్ళు పోశాడు. పెద్దగిన్నెను కాగే నీళ్ళ గంగాళంలోకి దించి, చిన్నదాని అంచు పట్టుకున్నాడు. "ఇప్పుడు సెలవియ్యండి ప్రభూ!"

"విడిపొండి!"

దామయ్య అంచు పట్టి ఒక్క తిప్పు తిప్పాడు. చిన్నగిన్నె సులువుగా పైకి వచ్చేసింది.

సభ చప్పట్లతో మారుమోగింది. "చూశారా! నా ఆజ్ఞ!" అని రాజు సింహాసనం మీంచి లేచాడు.

దామయ్య చేతులు జోడించాడు. "చూశాం ప్రభూ, కళ్ళారా చూశాం. మరి అసలు ఈ గిన్నెలు బిగుసుకున్నది ఎవరి ఆజ్ఞతో?"

చప్పట్లు ఆగిపోయాయి.

"తమ ఆజ్ఞతోనే అయితే నేరం చంగలమ్మది కాదు. తమ ఆజ్ఞ లేకుండానే అయితే, వేడికి విచ్చుకోవడం, చలికి ముడుచుకోవడం పరమాణువుల స్వభావమన్నమాట. అప్పుడూ నేరం చంగలమ్మది కాదు. రెంటిలో తమకు ఏది ఇష్టమో సెలవిస్తే, పొలిమేర దాటవలసిందెవరో తేలిపోతుంది."

రాజు ముఖం జేవురించింది. మాట హద్దు దాటిందని దామయ్యకూ తెలుసు. అయినా వెనక్కి తీసుకోలేదు.

రాజు చిన్నగిన్నెను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "పొయ్యిమీద పెట్టినప్పుడు ఎందుకు రాలేదయ్యా ఇది?"

"రెండూ వేడెక్కితే చిక్కు విడదు ప్రభూ. ఒక్కటైనా చల్లగా ఉండాలి."

"ఓహో! అందుకేనా, నేను కేకలేస్తుంటే నువ్వు నోరు మెదపలేదు?"

"చిత్తం ప్రభూ. చాలా కష్టమైంది."

రాజు పకపకా నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, చంగలమ్మ వైపు తిరిగి, "లేవమ్మా. తప్పు నాది. ఈ కోట నీది కూడా, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు" అన్నాడు.

ఆ సంతోషంలోనే దామయ్యకు ఇద్దామని తన చేతి బంగారు కంకణం తియ్యబోయాడు. ఉదయం నుంచీ కోపంతో, ఉక్కతో ఉబ్బిన చెయ్యి. కంకణం రాలేదు. వస్తాదులు ఉత్సాహంగా ముందుకొచ్చారు.

"మీరాగండి" అన్నాడు రాజు. "కాసిని చన్నీళ్ళు తెండి."

చంగలమ్మ చెంబెడు బావినీళ్ళు తెచ్చి, రాజు చేతిమీద నెమ్మదిగా పోసింది.