తిప్పన్న బీడులో కనపడని చుట్టాలు

అనంతపురం దిక్కున ఒక బీడు. ఆ బీడు మధ్యలో తిప్పన్న వాళ్ళ ఇల్లు, బోదగడ్డి కప్పిన కొట్టం. తల్లి హనుమక్క, పెళ్ళాం ఈరమ్మ, తమ్ముడు ఓబులేసు, ఒక గొర్రెల మంద. లోకంలో ఉన్న తెలివంతా తమ కొట్టంలోనే ఉందని వాళ్ళ నమ్మకం. వానొస్తే తిప్పన్న కంబళి తడిసిపోతుందని మడిచి చంకలో పెట్టుకుని, తాను తడుస్తూ వచ్చేవాడు. "మనిషి ఇట్టే ఆరిపోతాడు, కంబళి ఆరాలంటే ఎంత సేపు!" అని తల్లి మురిసిపోయేది.

ఆ ఏడు బీడు బోడిగుండైపోయింది. గడ్డి లేకపోతే ఇల్లొదిలి, మందను తోలుకుని వలస పోవాల్సిందే. ఈరమ్మకేమో నెలలు నిండుతున్నాయి. "నేను దోవలో కననయ్యో, నా ఇంట్లోనే కంటా" అని బావురుమంది. తిప్పన్నకు పెళ్ళామంటే ప్రాణం. "ఇంట్లోనే కంటావులే, నాదీ పూచీ" అని ఒట్టేసి, పరుగున పోయి పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు.

ఆమె పిడికెడు మట్టి తీసి చూపించింది. "ఇందులో కంటికి కనపడని జీవులు కోట్లకు కోట్లు ఉంటాయి తిప్పన్నా. గడ్డికి బలమిచ్చేది అవే. మీరు రోజూ బీడంతా మందతో తొక్కించి వాటికి ఊపిరాడకుండా చేశారు. బీడును ముక్కలు చెయ్యండి. ఒక ముక్క మేపుతుంటే ఇంకో ముక్కకు విశ్రాంతి ఇవ్వండి. నేలను ఎండకు వదలకండి, కప్పి ఉంచండి. పెంటికలు పడనివ్వండి, అదే వాటికి తిండి. ఇంట్లో మనుషుల్లా చూసుకోవాలి."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు తిప్పన్న.

డాక్టరమ్మ బండి మలుపు తిరిగిందో లేదో, అన్నదమ్ములు గడ్డపారలు పట్టి బీడును బర్ఫీ కోసినట్టు ముక్కలు కొయ్యడం మొదలుపెట్టారు.

"అన్నా, లోపల వాళ్ళకు తగల్దా?"

"తగిలితే అరవరా? ఎవరైనా అరిచినారా?"

అరవలేదు. అంతే, బీడంతా కోసేశారు. తర్వాత కప్పాలి గదా! కంబళ్ళు పరిచారు, చాల్లేదు. ఈరమ్మ కోకలు పరిచారు, చాల్లేదు. ఓబులేసు కట్టుకున్న పంచె కూడా విప్పి పరిచి, తాను గోనెసంచి చుట్టుకున్నాడు.

ఇక తిండి. హనుమక్క చెంపలు వాయించుకుంది. "చుట్టాలకు పెంటికలు పెడతామంట్రా? ఆయమ్మకు మర్యాద తెలీదు!" ఇంట్లో ఉన్న రాగిపిండంతా కెలికి, సంగటి ముద్దలు చేసి, కంబళ్ళ కింద వడ్డించింది. గంట గడిచిందో లేదో ఎర్రచీమలు బారులు తీరాయి. "వచ్చినారు, వచ్చినారు!" అని ఓబులేసు గంతులేశాడు.

తిప్పన్న వంగి చూశాడు. "ఒరే, వీళ్ళు కనపడతాండారు. కనపడేవాళ్ళు మన చుట్టాలు కాదు. లేవండమ్మా, లేవండి, పంక్తి మీది కాదు!" అని చీమల్ని ఒక్కొక్కదాన్నీ లేపబోయాడు. ఇంకేముంది, చేతులు గారెల్లా ఉబ్బాయి.

ఇంతలో మంద మేతకు బయల్దేరింది. తొక్కించకూడదు గదా! ఓబులేసు ఒక గొర్రెను భుజానేసుకున్నాడు.

"రేయ్, నువ్వు తొక్కుతాండావు!"

"అట్లయితే నన్ను నువ్వెత్తుకో అన్నా."

ఎత్తుకున్నాడు. "మరి నేను తొక్కుతాండానే?"

"నిన్ను అమ్మ ఎత్తుకుంటుంది."

హనుమక్క పాపం వంగింది. అంతే! గొర్రె, ఓబులేసు, తిప్పన్న, ముగ్గురూ ముసలామె మీద పడ్డారు. లేచి, నడుం పట్టుకుని ఆలోచిస్తే అసలు ఉపాయం తట్టింది. బీడుకు విశ్రాంతి కావాలంటే బీడులో ఎవరూ ఉండకూడదు. ఇంటిల్లిపాదీ మందతో సహా బీడు అవతల గట్టు మీదికి మకాం మార్చారు. గొర్రెలకు తుమ్మాకు దూసి పోశారు. ఈరమ్మ మాత్రం దూరంగా కనిపిస్తున్న తన కొట్టం వైపు చూసి కళ్ళు ఒత్తుకునేది.

వానలు పడ్డాయి. సంగటి కుళ్ళింది, కంబళ్ళు చీకిపోయాయి, తొక్కేవాళ్ళు లేరు. మట్టిలో వాళ్ళు నిజంగానే పని చేశారు. కంబళ్ళను చీల్చుకుని గడ్డి మోకాలెత్తు లేచింది! "వలస లేదే ఈరమ్మా!" అని తిప్పన్న ఎగిరి గంతేశాడు.

సరిగ్గా అప్పుడే ఈరమ్మకు నొప్పులు మొదలయ్యాయి. "ఇంటికి తీసుకుపోండయ్యో!"

ఇంటికి పోవాలంటే గడ్డి తొక్కాలి. తొక్కితే కోట్ల మంది చస్తారు. కానీ ఒట్టేశాడే! తిప్పన్న ఒక్క క్షణం జుట్టు పీక్కున్నాడు. "రేయ్ ఓబులేసూ, వదిన ఇంటికి పోకూడదు. ఇల్లే వదిన దగ్గరికి రావాల!"

అన్నదమ్ములు పరుగెత్తి కొట్టం పీకారు. మరి వాళ్ళు గడ్డి తొక్కలేదా అంటారా? తొక్కారు, కానీ మునివేళ్ళ మీద! కప్పు మోసుకొచ్చి మంద పక్కన పడేశారు. వాసాలకు పోయారు. తలుపు తెచ్చేసరికి హనుమక్క చేతుల్లో ఆడపిల్ల కేరుమంటోంది. తిప్పన్న తలుపు నిలబెట్టి, మర్యాదగా గొళ్ళెం కొట్టి, "లోపలికి రావచ్చునా?" అన్నాడు.

అవతల్నుంచి కరకరమని చప్పుడు వినిపించింది. తలుపు పక్కనుంచి తొంగి చూస్తే, తుమ్మాకు తిని తిని విసిగిన గొర్రెలన్నీ బోద కప్పు మీద పడి, ఆఖరి పరకలు నములుతున్నాయి. బీడులో గడ్డి మాత్రం పచ్చగా ఊగుతోంది.

ఈరమ్మ ఏడవడానికి నోరు తెరిచింది. తిప్పన్న ముఖం వెలిగిపోయింది. పిల్లను ఎత్తుకుని పెళ్ళాం పక్కన కూర్చున్నాడు.

"ఇల్లొదిలి పోవాల్నే అని ఏడ్చినావు గదా పిచ్చిదానా! చూడు, ఇంక ఒదిలి పోడానికి ఇల్లే లేదు!"