కుండపెంకులో రాయుడు

అనగా అనగా, మన తాతల తాతలు జొన్న చల్లుకున్న కాలంలో, ఒక నల్లరేగడి చేను. ఆ చేలో ఒక జొన్న మొక్క. ఆ మొక్క వేరు పక్కన ఒక ఊరు.

ఊరంటే ఇళ్లూ వాకిళ్లూ అనుకునేరు! ఆ ఊరి జనం కంటికి ఆనరు. నువ్వుగింజ మీద లక్షమంది కూర్చున్నా ఇంకా చోటు మిగులుతుంది. బడిలో సూక్ష్మజీవులని చెబుతారే, వాళ్లే. నవ్వకండర్రా, వాళ్లకూ కష్టసుఖాలున్నాయి.

వాళ్లకు నోళ్లు లేవు. వాసనే వాళ్ల మాట. ఊరికేదైనా పెద్ద పని పడితే, ఎవరి మనసులో మాట వాళ్లు రవ్వంత వాసనగా వదిలేవారు. ఒకే వాసన చిక్కబడితే అది ఊరి మాట. పలచగా ఉంటే ఒకరిద్దరి మాట. అది చూసి ఊరిపెద్ద తీర్పు చెప్పేవాడు. ఎంత చక్కని పద్ధతి! ఇప్పుడు ఒకరి మాట ఒకరు వినేదెక్కడ? సరే, నా సణుగుడు మీకెందుకు, కథ వినండి.

ఆ ఊరిపెద్ద గంధరాయుడు. మంచివాడే, కానీ సుఖం మరిగాడు. మట్టిలో కూరుకుపోయిన ఒక కుండపెంకు ఉంది. దానికో సన్నని బెజ్జం. లోపల చల్లగా, తడిగా ఉంటుందని కాపురం అందులోకి మార్చేశాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది.

కరువొస్తే ఆ జనానికి ఒక్కటే దారి, గింజ కట్టడం. తల్లి తన కడుపులోనే బిడ్డకొక గది కడుతుంది. ఉన్న సత్తువంతా పెట్టి దాని చుట్టూ పొర మీద పొర చుడుతుంది. చివరికి తల్లి పగిలిపోతుంది, గింజ మిగులుతుంది. ఆ గింజకు ఎండా లెక్కలేదు, ఏళ్లూ లెక్కలేదు. అయితే తొందరపడితే తల్లులు ఊరికే పోతారు. ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. అందుకని ఊరంతా ఒక్కమాట మీదికి వచ్చి, పెద్ద ఊ అన్నాకే మొదలుపెట్టేవారు.

ఊళ్లో కణికమ్మ అనే పెద్దావిడ ఉంది. మట్టిలో మంచు తడి ఆరిపోయిన నాడు ఆమె పెంకు దగ్గరికి వచ్చింది.

"నాయనా రాయుడూ, గింజ కట్టే వేళయింది. ఊ అను."

రాయుడు పెంకులో వాసన చూశాడు. 'వాన వస్తుంది' అన్న వాసన కమ్మగా, చిక్కగా ఉంది.

"ఊరంతా వాన వస్తుందంటోంది పెద్దమ్మా. నీ ఒక్కదానికే ఈ కంగారు" అన్నాడు.

తనకా వాసన తగలకపోయినా, ఊరంతా అంటుంటే నేనెంతలే అనుకొని కణికమ్మ వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు జొన్న వేరు ఊరి తిండైన తీపినీళ్లివ్వడం మానేసింది. కణికమ్మ మళ్లీ వచ్చింది.

"నాయనా, ఇంకా ఆలస్యమైతే నా బిడ్డ దక్కదు."

"ఊరుకో పెద్దమ్మా! మొన్నటికంటే ఇవాళ వాసన ఇంకా చిక్కబడింది" అన్నాడు రాయుడు.

నిజానికి ఊళ్లో అందరిదీ అదే భయం. కానీ మిగతావాళ్లంతా రాయుడి వైపే ఉన్నారేమోనని ఎవరికి వాళ్లు వాసన బిగబట్టుకున్నారు.

నేల నెర్రెలు బారింది. ఈసారి కణికమ్మ పెంకు దగ్గరికి పోలేదు. ఊరి గట్టు దగ్గరికి పోయింది. గట్టవతల నూలయ్య ఉంటాడు. నూలుపోగుల్లా తీగలు సాగే జాతి వాళ్లది. రెండు ఊళ్లకూ గట్టు తగాదా. ఒకరి మీద ఒకరు చేదునీళ్లు పోసుకునేవారు. అయినా తీపినీళ్లు మిగిలిన రోజున కణికమ్మ కాస్త గట్టు దాటించేది.

"నూలయ్య మరిదీ, మా ఊళ్లో వాన వాసన గుప్పుమంటోందట. నీకేమైనా తగిలిందా?"

"ఏం వాసన వదినా! ఒకప్పుడు మీ ఊరు కబుర్లాడుకుంటుంటే మా గట్టంతా ఘుమఘుమలాడేది. తిట్టుకున్నా కొట్టుకున్నా ఆ సందడే వేరు. ఎన్నాళ్లయింది ఆ వాసన తగిలి! మేం గింజ కట్టేస్తున్నాం."

కణికమ్మ ఇక ఆగలేదు. తిన్నగా పెంకు దగ్గరికి పోయి రాయుణ్ణి బయటికి లాగింది.

"ఆ మాటేదో ఇక్కడ నిలబడి చెప్పు!"

'వాన వస్తుంది' అని రాయుడు వాసన వదిలాడు. అది ఎండిన మట్టిలో కలిసిపోయింది. ఒక్కరూ తోడు పలకలేదు.

"అయ్యో పెద్దమ్మా, లోపలిదంతా నా వాసనేనా?"

"నీదే నాయనా. బయటికి దారిలేక నీ మాటే నీకు ఊరంత అయింది."

రాయుడికి తల కొట్టేసినట్టయింది. వెంటనే 'గింజ కడదాం' అని వదిలాడు. అంతే! బిగబట్టిన ఊరంతా ఒక్కసారి పలికింది. మట్టి ఆ వాసనతో నిండిపోయింది.

కానీ కణికమ్మకు చివరి పొర చుట్టే సత్తువ లేదు. చాలామంది తల్లులదీ అదే గతి. రాయుడు వాళ్లను చూశాడు.

"మీరు ఎండుతుంటే తడిలో కూర్చుని ఒళ్లు పెంచాను. ఈ సత్తువ మీది. తీసుకోండమ్మా" అని ఉన్నచోటనే పగిలిపోయాడు.

దానితో తల్లులు చివరి పొర చుట్టారు. కణికమ్మ గట్టు వైపు తిరిగి, "మరిదీ, నా బిడ్డకు మెలకువ రాకపోతే లేపు" అంది.

"నేను కాకపోతే నా బిడ్డ లేపుతాడు వదినా" అన్నాడు నూలయ్య.

ఏళ్లు గడిచాయి. జొన్న పోయింది, కుండపెంకు పొడైపోయింది. ఒక సాయంత్రం తొలకరి పడింది. ముందు నూలయ్య కొడుకు లేచాడు. లేచి తన వాసన వదిలాడు. మీకు తెలుసు ఆ వాసన. మొదటి చినుకు పడగానే మట్టిలోంచి వస్తుందే, అదే. అది తగలగానే మా నాయనమ్మ తిరగలి ఆపి అరుగు మీదికి వచ్చేది, కళ్లు తుడుచుకునేది. ఎందుకే అంటే చెప్పేది కాదు. ఇప్పుడు నాకూ కళ్లు చెమరుస్తాయి, మీరడిగితే నేనూ చెప్పలేను.

"లే తల్లీ, వాన వచ్చింది. మీ అమ్మ లేపమంది" అన్నాడు నూలయ్య కొడుకు.

గింజ కదిలింది. "మా అమ్మ ఏది?"

"ఇన్నేళ్లూ నీకు ఎండ తగలనివ్వని ఆ పొరలున్నాయే, అవే మీ అమ్మ. ఆఖరి పొరలో మీ రాయుడూ ఉన్నాడు."

ఆ పిల్ల పొరలు విప్పుకొని మెల్లగా బయటికి వచ్చింది. రాగానే గట్టు దాకా పోయి రవ్వంత వాసన వదిలింది.

"మా మాట నీ దాకా వస్తోందా?"

"వస్తోందమ్మా" అన్నాడు నూలయ్య కొడుకు.

కాబట్టి పిల్లలూ, గదిలో మోగిన సొంత మాటను ఊరి మాట అనుకోకండి. గడప దాటి పొరుగువాణ్ణి అడిగినవారే తమవాళ్లను బతికించుకుంటారు.