కేకల బడి

అడవిలో వాగు ఒడ్డున, ఒక ఇప్పచెట్టు కింద ఈరమ్మ అనే దుప్పి బడి పెట్టింది. బడంటే పెద్దగా ఏం లేదు, చదును చేసిన కాస్త నేల, చుట్టూ రేగుకంప. మొదట చేరినవాళ్ళు ముగ్గురే. కుందేలు పోలమ్మ కూతురు తువ్వి, అడవిపంది గురవమ్మ కొడుకు బుడ్డన్న, తల్లి లేని ఒక కౌజుపిట్ట పిల్ల. పంతులమ్మకు జీతమంటే గుప్పెడు ఇప్పపూలు, అవీ పూసిన నెలల్లోనే.

ఆ బడిలో మొదటి పాఠం కేక. తక్కిన చదువంతా దాని తర్వాతే. కొత్త వాసన తగిలితే అరవాలి. భయం వేస్తే అరవాలి. పంతులమ్మే తప్పు చెప్పినా సరే, అరిచి అడగాలి.

"నోరుంటే తల కాస్తుందిరా," అనేది ఈరమ్మ.

అలా అనడానికి దాని కడుపుకోతే కారణం. ఒకప్పుడు తొలిచూలు పిల్లను పొదలో దాచి, "నోరెత్తకు, బుద్ధిగా ఉండు" అని చెప్పి మేతకు వెళ్ళింది. పిల్ల అమ్మ మాట జవదాటలేదు. తోడేలు ఎదురుగా వచ్చి నిలబడినా నోరెత్తలేదు. ఈరమ్మ తిరిగొచ్చేసరికి పొద ఖాళీగా ఉంది. ఆ పొద ఉన్నచోటే బడి పెట్టింది.

బడి పెరిగింది. నేల చాలక కంపను ఇంకాస్త అవతలికి జరిపారు. పాముల పాఠం చెప్పడానికి ఒక ముంగిస చేరింది. పిల్లలు పెరిగారు, గోల పెరిగింది, గోలతో పాటు తల్లుల సణుగుడూ పెరిగింది.

"ఇది బడా, సంతా?" అంది గురవమ్మ. "మావాడు ఇంటికొచ్చి నన్నే ఎదురు ప్రశ్నలేస్తున్నాడు."

"మా తువ్వి నిద్దట్లో కూడా 'ఎందుకు' అంటోందే వదినా," అంది పోలమ్మ.

సరిగ్గా అప్పుడు దిగాడు నక్క శాంతయ్య. పళ్ళన్నీ ఊడిపోయాయనీ, ఆకూ అలమూ తిని బతుకుతున్నాననీ చెప్పుకున్నాడు. నోరు తెరిపించి చూసినవాళ్ళు మాత్రం లేరు.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా తల్లీ?" అన్నాడు మెత్తగా. "బడి పేరు నాలుగు కొండలకూ పాకాలంటే క్రమశిక్షణ కావాలి. వాగు అవతల నాకో తరగతి ఇచ్చి చూడండి."

"నక్క చేతికి పిల్లల్నా?" అంది ఈరమ్మ.

"నీకిష్టం లేకపోతే చెప్పు పంతులమ్మా, పిల్లల్ని మాన్పించేస్తాం," అన్నారు తల్లులు.

ఈరమ్మకు ఖాళీ పొద గుర్తొచ్చింది. ఇప్పుడు బడి కూడా ఖాళీ అవుతుందేమోనని భయపడి తల ఊపింది. ఈరమ్మ ఎంత మంచిదైనా తప్పు తప్పే. ఆ తల ఊపకుండా ఉండాల్సింది.

శాంతయ్య తరగతి చూడముచ్చటగా సాగింది. పిల్లలు వరసగా కూర్చుని, ముందుకాలో రెక్కో మూతి మీద పెట్టుకోవాలి. కదలని పిల్లకు చెవిలో తంగేడుపువ్వు. వాగు ఇవతల నిలబడిన తల్లులు ఆ నిశ్శబ్దాన్ని చూసి మురిసిపోయేవారు.

ఒక సాయంత్రం తువ్వి ఇంటికి రాలేదు.

"పై చదువులకు పంపాను," అన్నాడు శాంతయ్య. "అవతలి కొండ మీద పెద్ద బడి ఉంది. అందరికీ సీటు దొరకదు సుమా!"

దూరపు కొండలు నునుపు. పోలమ్మ ఒక కంట ఏడుస్తూనే, కూతురికి సీటొచ్చిన సంగతి అడవంతా చెప్పుకొచ్చింది. తక్కిన తల్లులు మా పిల్లల సంగతేమిటని శాంతయ్య చుట్టూ తిరిగారు.

ఈరమ్మ ఒక్కతే వాగు దాటి వెళ్ళి చూసింది. తరగతి వెనక మట్టి కొత్తగా తవ్వి ఉంది. దాని మీద వాడిన తంగేడుపువ్వు ఒకటి పడి ఉంది. ఈరమ్మ వాసన చూసింది, తువ్విదే.

పరుగున వచ్చి తల్లులతో, "తువ్వి ఏ కొండకూ పోలేదు," అంది.

"నా కూతురు పైకొస్తే నీకెందుకమ్మా అంత కడుపుమంట?" అంది పోలమ్మ.

ఈరమ్మ ఆ మాట దిగమింగింది. "నన్ను నమ్మొద్దు, మీ కళ్ళను నమ్మండి. రేపందరం పెద్ద బడి చూడ్డానికి వెళ్తున్నామని వాడికి చెబుతాను. వెళ్ళకుండా వాడి తరగతి పక్కనున్న కంపచాటున కూర్చుందాం."

 గురవమ్మ, "ఈసారి సీటు మా బుడ్డన్నకే అన్నాడు," అని నెమ్మదిగా అంది. "నేనొస్తాను." ఆమె వెనక అందరూ కదిలారు.

మర్నాడు ఈరమ్మ శాంతయ్యతో, "పెద్ద బడి చూసి సాయంత్రానికి వస్తాం. పిల్లలు నీ పూచీ," అంది.

"నిశ్చింతగా వెళ్ళిరండి," అన్నాడు వాడు. సాయంత్రానికి కడుపు నింపుకుని మరో అడవి చేరొచ్చని లోలోపల లెక్కేసుకున్నాడు.

తల్లులు తమ వాసన వాడికి అందని గాలివాటున, కంప వెనక నక్కి కూర్చున్నారు.

"బుడ్డన్నా, లేరా. నీకు సీటొచ్చింది," అన్నాడు శాంతయ్య.

పందిపిల్ల ముందుకొచ్చి నిలబడింది. శాంతయ్య నోరు తెరిచాడు. ఊడాయన్న పళ్ళన్నీ ఉన్నాయి. బుడ్డన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మూతి మీది కాలు తియ్యలేదు. గురవమ్మ ఆ పళ్ళను చూసి కాదు, కొడుకు అరవకపోవడం చూసి హడలిపోయింది.

"మొదటి పాఠం!" అని అరిచింది ఈరమ్మ.

ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత వెనక వరసలోంచి కౌజుపిట్ట పిల్ల సన్నగా కూసింది. దాన్ని విని ఇంకో పిల్ల, ఆ తర్వాత పిల్లలంతా గొంతు చించుకున్నారు. గురవమ్మ కంపను చీల్చుకుని వచ్చిపడింది.

"ష్!" అన్నాడు శాంతయ్య అలవాటు కొద్దీ. అదే వాడి ఆఖరి మాట.

అంతా సద్దుమణిగాక పోలమ్మ ముందుకొచ్చింది. "పెద్ద బడికి దారెటు పంతులమ్మా? నా పిల్లను తెచ్చుకుంటాను."

ఈరమ్మ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. "పెద్ద బడి లేదు పోలమ్మా. నేను తల ఊపకుండా ఉండాల్సింది."

అప్పుడు అరిచింది పోలమ్మ. కుందేలుకు అంత గొంతు ఉంటుందని ఆ అడవికి అంతవరకూ తెలియదు.

వాగు అవతలి తరగతి మూతపడింది. ఇప్పచెట్టు కింది బడిలో మళ్ళీ సంతలా గోల, దాని మీద సణిగేవాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే పోలమ్మ వచ్చి కంప పక్కన కూర్చుంటుంది. ఏ పిల్లయినా బెదిరి మౌనంగా ఉంటే, "గట్టిగా అరువు తల్లీ, నీ గొంతు నేను వినాలి," అంటుంది.

పిల్లల నోరు మూయించి బుద్ధి నేర్పామని మురిసేచోట నక్కకు పని సులువు.