చెవి మిషనుకు ఆవకాయ ఊట

అనగనగనగా, గోదారి నడిమధ్య ఒక లంక ఊళ్ళో పేరిందేవి అని ఒక ఇల్లాలు ఉండేది. ఆవిడకి గవర్రాజు అని ఒక మొగుడు. తంటా అంతా ఆయనతోనే. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు గదికి తాళం తీసి, వేసి, సీసాలు తుడిచి రిటైరయ్యాడు. సీసాలు తుడిచినంత మాత్రాన సైన్సంతా తన బుర్రలోకి వచ్చేసిందనుకునేవాడు. ఊఁ కొట్టు మరి.

ఆ ఇంట్లోనే ఆయన తల్లి మాణిక్యమ్మ ఉండేది. చెవికి మిషను పెడితేనే వినపడేది, లేకపోతే పక్కన డప్పు కొట్టినా తెలిసేది కాదు. ఆ ఏడు పేరిందేవి కూతురు పురిటికొచ్చి ఆడపిల్లని కన్నది. పిల్లకి ముసలావిడ పేరే పెడదామనుకున్నారు. ఆవిడకి మాత్రం చెప్పలేదు, బారసాల నాడు తన చెవులతోనే వింటుందని.

బారసాల నాలుగు రోజుల్లో ఉందనగా గోదారికి వరదొచ్చింది. పడవలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మిషనులో బొత్తామంత బ్యాటరీ అయిపోయింది. అది పట్నంలో తప్ప దొరకదు. "మునిమనవరాలి పేరైనా వినకుండానే పోతానా?" అని ముసలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేనుండగా నీకెందుకే అమ్మా! బ్యాటరీ ఇంట్లోనే చేస్తాను" అన్నాడు గవర్రాజు. ఆవిడకి వినపడలేదు. పేరిందేవికి వినపడింది, గుండెల్లో రాయి పడింది.

మొదటి రోజు, ఊరగాయకని దాచిన నిమ్మకాయలన్నిటికీ రెండేసి రాగి తీగలు గుచ్చాడు. మిషను పలకలేదు. ఎలా పలుకుతుంది? రెండు పక్కలా ఒకే లోహం పెడితే కరెంటు పుట్టదు నాన్నా, రెండు రకాలుండాలి. ఆ సంగతి ఆయనకి డజను నిమ్మకాయలు పోయాక గుర్తొచ్చింది.

ఆ తర్వాత రెండో రోజు, పూజ గదిలో రాగి చెంబు కత్తిరించి రేకులు చేశాడు. రెండో పక్కకి ఇనప మేకులు పెట్టాడు. ఏడాదికని దాచిన చింతపండంతా పిసికి గ్లాసుల్లో పోశాడు. మిషను ఒక్కసారి కుయ్యిమని నోరు మూసుకుంది.

"ఆ చెంబు మా పుట్టింటివాళ్ళు పెట్టిందండీ!" అంది పేరిందేవి.

"ఇనుము చాల్లేదే, జింకుండాలి" అన్నాడాయన.

ఏడవాలో నవ్వాలో తెలీక ఆవిడ వెళ్ళి గిన్నెలు తోముకుంది.

మూడో రోజు, అటక మీంచి పాత టార్చి బ్యాటరీలు దించాడు. అవే పెట్టొచ్చుగా అంటావా? అవన్నీ ఎప్పుడో అయిపోయినవమ్మా. వాటి పై తొడుగు జింకుది, అది ఒలిచి రేకులు చేశాడు. మరి పులుపు? నిమ్మకాయలు లేవు, చింతపండు లేదు. అప్పుడా మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? కొత్తావకాయ జాడీలో చెయ్యి పెట్టాడు. అదీ తడి చెయ్యి!

నిమ్మకాయలు పోతే ఊరుకుంది, చెంబు పోతే ఊరుకుంది. ఇంటిల్లిపాదీ ఏడాదంతా తినాల్సిన ఆవకాయలో తడి చెయ్యి పెడితే ఎవరూరుకుంటారు? బూజు పట్టిపోదూ! పేరిందేవి నెత్తి బాదుకుంది. ఆయన మాత్రం ఆవకాయ పోసిన గ్లాసుల ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. "పులుపుంది, ఉప్పుంది. అయినా పలకదేమే?"

"పైన బెత్తెడు నూనె తేలుతుంటే కనపడటం లేదూ? రేకులకి జిడ్డు పట్టాక ఇంకేం పలుకుతుంది? లేవండి అవతలికి!"

అప్పుడు పేరిందేవి నూనె వంచేసి, అడుగునున్న ఊట మాత్రం వడకట్టి రెండు టీ గ్లాసుల్లో పోసింది. రేకుల్ని బూడిదతో తళతళా తోమింది. ఒక్కో గ్లాసులో ఒక రాగి రేకు, ఒక జింకు రేకు. ఆయన తీగలు కలిపాడు. మిషను గుయ్యిమంది!

తెల్లారి బారసాల. బియ్యంలో పేరు రాశారు. ముసలావిడ పక్కన పీట మీద గ్లాసులు, అక్కణ్ణుంచి చెవి మిషనుదాకా తీగలు. పేరు పైకి పిలవాల్సింది పిల్ల అమ్మమ్మ, అంటే పేరిందేవే. ఆ రోజుల్లో కోడళ్ళు అత్తగారి పేరు నోటితో అనేవారు కాదు నాన్నా. ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడ ఒక్కసారీ అనలేదు. బియ్యంలో అక్షరాలే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ నిలబడింది.

"కానియ్యవే, కరెంటు అయిపోతుంది!" అని గవర్రాజు గోల. ఆవిడకి ఒళ్ళు మండి, ఆ విసురులోనే "మాణిక్యం!" అని అరిచింది.

ముసలావిడ ఉలిక్కిపడింది. "ఏమే, నన్నే పేరు పెట్టి పిలుస్తున్నావా?"

"మిమ్మల్ని కాదు అత్తయ్యగారూ, దీన్ని" అని పేరిందేవి పిల్లని తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ముసలావిడ పిల్ల మొహంలోకి వంగి చూసింది. "మళ్ళీ అనవే" అంది. పేరిందేవి మెల్లిగా అంది. "ఇంకోసారి" అంది ముసలావిడ. మూడోసారి అనేసరికి పేరిందేవికి ఏడుపొచ్చేసింది. అప్పటికే మిషను ఆగిపోయింది. గవర్రాజు తీగలు కదిలించబోతే ముసలావిడ ఆయన చెయ్యి తోసేసింది. కోడలి పెదవుల వంకే చూస్తూ, "వినపడుతోందే తల్లీ, ఇంకోసారి" అంది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో కునుకు దారి పట్టింది,
ఊఁ కొట్టే నోటికిక సెలవు,
అమ్మమ్మ ఒడే నీకు నెలవు.