ఇన్నాసమ్మ తిన్నదా?

అనగనగా అంటే ఎన్నేళ్ళ కిందట అని మాత్రం అడక్కండి. ఏటికి వంతెన రాని రోజులు. గుడికి పెంకులు ఎక్కని రోజులు. పడవ దిగి, ఇసుకలో నడిచి, తుమ్మచెట్లు దాటి పోతే ఒక క్రైస్తవుల గుడి. గుడి పక్కన అమ్మగార్ల మఠం. మఠం పక్కన బడి. ఆ బడిలో ఉండేది ఇన్నాసమ్మ.

ఇన్నాసమ్మకు మూడు పనులు. గుడి గంట కొట్టడం, వాకిలి ఊడ్వడం, అంట్లు తోమడం. మూడు పనులకూ కలిపి ఒకటే కూలి. కూడు. మఠానికి పెద్దగా ఉన్న పాత మదరమ్మగారు ఎప్పుడో ఒకనాడు, "గిన్నె అడుగు ఇన్నాసమ్మది" అన్నారట. ఆ మాట అన్న మదరమ్మ మట్టిలో కలిసిపోయారు. మాట మాత్రం నడుస్తూ ఉంది.

అందరూ తిన్నాక ఇన్నాసమ్మ తినేది. అడుగంటిన మాడు ఆమెది. వార్చిన గంజి ఆమెది. పిల్లలు పళ్ళేలలో వదిలిన మెతుకులు ఆమెవి. ఎవరూ పిలిచి పెట్టింది లేదు, ఎవరూ వద్దన్నదీ లేదు. నూట ఇరవై మంది పిల్లలు తినే చోట ఒక ముసలి కడుపు నిండడం ఎంత పని?

అలా ఉండగా కొత్త మదరమ్మ వచ్చారు. ఆగ్నేసమ్మగారు. మంచి మనిషి. ఆమె చెడ్డదైతే ఈ కథే లేదు.

ఆ ఏడు వానాకాలంలో ఏరు పొంగి లంక ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడివాళ్ళు ఆకలితో ఉన్నారని కబురు వచ్చింది. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారంనాడు, నుదుట బూడిద గీతలతో పిల్లలంతా వరసల్లో నిలబడితే, మదరమ్మ మూడు మాటలు చెప్పారు.

"ఈ నలభై రోజులూ మనకు ఒంటిపూట భోజనం. అన్నం కొలిచి వండాలి, ఒక్క మెతుకు మిగలకూడదు. మిగిల్చిన బియ్యం రోజూ ఒక్కొక్కరూ పిడికెడు ఈ కుండలో పొయ్యాలి. ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండుగకు కుండ లంకలకు పోతుంది. అందాకా మూత తీసేది పొయ్యడానికే, తియ్యడానికి కాదు."

వంట చేసే కార్మేలమ్మ అడిగింది. "మరి గంజి మాటేమిటమ్మగారూ?"

"గంజి వార్చొద్దు. అత్తెసరు పెట్టు. బలమంతా గంజిలోనే పోతుంది. పిల్లలకే ఉండనీ."

మాట సబబుగానే ఉంది. అందరూ తలలూపారు. ఇన్నాసమ్మ కూడా ఊపింది.

ఆ రోజు అందరూ తిన్నాక ఇన్నాసమ్మ వెళ్ళింది. గంజి లేదు. మాడు లేదు. పిల్లలు పళ్ళేలు నాకి పెట్టారు. తోమిన నీళ్ళు తెల్లగా కూడా లేవు. మఠం ఉపవాసం ఉంది, ఇన్నాసమ్మ పస్తు పడుకుంది. ఒక రోజేగా అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చింతచిగురు నమిలింది, ఏటి ఒడ్డున పొన్నగంటాకు ఉడకేసుకుంది, మీద చెంబెడు నీళ్ళు తాగింది.

చివరికి కార్మేలమ్మ దగ్గరికి వెళ్ళింది. "అక్కా, అడుగున ఏమన్నా ఉందా?"

"నా గిన్నె అడుగునే ఏం లేదు తల్లీ! గిద్దెడు తేడా వస్తే నన్ను నిలబెట్టి అడుగుతారు. నా గొంతు మీదికి తేబాకే."

ఇంకో వారం గడిచింది. ఉపదేశి చిన్నప్పగారు మంచి చెడు తెలిసినవాడు గదా, ఆయన్ని అడుగుదామనుకుంది. ఆయన అరుగు మీద కూర్చుని పిల్లలకు జపాలు నేర్పుతున్నాడు.

"అయ్యా, ప్రభువు ఎడారిలో నలభై రోజులు పస్తున్నాడంటారు గదా."

"ఉన్నాడు."

"అంతకు ముందురోజు తిన్నాడా అయ్యా?"

చిన్నప్ప పగలబడి నవ్వాడు. "ముప్పై ఏళ్ళ నించీ ఉపదేశం చెబుతున్నా, ఈ ప్రశ్న ఒక్కరూ వెయ్యలేదే! ఫాదరుగారికి చెప్పాలి." చెప్పాడు కూడా. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎందుకు అడిగిందో అని ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు.

ఇంకో వారం గడిచింది. ఇక లాభం లేదని మదరమ్మ దగ్గరికే వెళ్ళింది. పొద్దున పిల్లలంతా వరసల్లో ఉన్నారు.

"అమ్మగారూ, ఒక మాట."

మదరమ్మ ఆమెను పరకాయించి చూశారు. "ఇలా చిక్కిపోయావేం ఇన్నాసమ్మా? నువ్వూ ఉపవాసం ఉంటున్నావా?"

"ఉంటున్నానమ్మగారూ." అబద్ధం కాదుగా.

"ఏ పూట?"

"రెండు పూటలూనమ్మా."

మదరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చెయ్యి పట్టుకుని పిల్లల ముందు నిలబెట్టారు. "చూడండర్రా. మనం ఒక పూట మానేసి ఎంతో చేశామనుకుంటున్నాం. ఈ ముసలామె రెండు పూటలూ మానేసింది. ఈమెను చూసి నేర్చుకోండి." పిల్లలు చప్పట్లు కొట్టారు. నూట ఇరవై మంది. ఆ చప్పట్లకు గుడి మీది పావురాలు లేచిపోయాయి.

"ఇంతకీ ఏదో మాటన్నావు?"

ఇన్నాసమ్మ పిల్లల వైపు చూసింది. "ఏం లేదమ్మగారూ. గంట తాడు అరిగింది."

మర్నాటికల్లా కొత్త తాడు వచ్చింది.

ఆ తరవాత ఇక ఎవరిని అడుగుతుంది? పక్కనున్న పాలెంలోకి పోయి చెయ్యి చాపుదామంటే ఆడవాళ్ళు ఎదురొచ్చి, "నీలాంటి భక్తి మాకెప్పుడొస్తుందో అత్తా" అంటూ దణ్ణం పెడుతున్నారు. చాచబోయిన చెయ్యి కొంగులోకి పోయేది.

రోజూ పొద్దున కుండ మూత పట్టుకు నిలబడేది ఆమే. పిల్లలు పిడికిళ్ళు విప్పి పోసేవారు. చిన్న పిడికిళ్ళు, పది గింజలు కింద పడేవి. ఊడ్చేది ఇన్నాసమ్మే. ఒకనాడు ఊడ్చిన గింజలు నాలుగు నోట్లో వేసుకుంది. కార్మేలమ్మ చూసింది.

"ఏమే! పేదల బియ్యం తింటున్నావా? నిన్ను చూసి నేర్చుకోమన్నారే పిల్లల్ని!"

ఇన్నాసమ్మ గింజల్ని అరచేతిలోకి ఉమ్మింది, మట్టితో సహా. ఆ రోజు నించీ కింద పడ్డ గింజలు ఏరి కొంగున ముడేసుకోవడమే గాని నోటి దాకా రానివ్వలేదు.

తపస్సు కాలంలో చివరిదైన పెద్ద వారం వచ్చింది. గురువారం పూజలో మహిమ పాటకు గంట కొట్టింది ఇన్నాసమ్మ. అంతే. ఆ తరవాత మళ్ళీ పాస్కా పూజలో మహిమ పాట ఎత్తుకునేదాకా గంట మోగకూడదు. ప్రభువు చనిపోయిన రోజులు అవి. గంట బదులు చెక్క గిలక తిప్పుతారు. శుక్రవారం పొయ్యి వెలిగించరు. అంట్లు లేవు. సిలువ మార్గం జపాలకు వచ్చిన పాలెం ఆడవాళ్ళు పుణ్యమని వాకిలి ఊడ్చేశారు. ఇన్నాసమ్మ చేసే మూడు పనుల్లో ఏదీ ఆ రోజుల్లో ఎవరికీ అక్కరపడలేదు. అందుకని ఆమె ఏదని ఎవరూ అడగలేదు.

ఆ కాలంలో పాస్కా పూజ శనివారం పొద్దునే చేసేవారు. ఫాదరుగారు మహిమ పాట ఎత్తుకున్నారు. గంట మోగలేదు. మళ్ళీ ఎత్తుకున్నారు. మోగలేదు. మూడోసారి ఎత్తుకుని ఆగిపోయారు. పిల్లలంతా వెనక్కి తిరిగారు. కొత్త తాడు గాలికి ఊగుతోంది.

మదరమ్మే లేచి వెళ్ళారు. వంటింటి వెనక కట్టెల కొట్టంలో ఇన్నాసమ్మ పడుకుని ఉంది. చనిపోయి ఎంతసేపయిందో ఆ దేవుడికే తెలియాలి. కొంగు ముడి విప్పి చూస్తే బియ్యం. మట్టి చెరిగి, రాళ్ళు ఏరి పెట్టినవి. సరిగ్గా పిడికెడు.

కార్మేలమ్మ గుండెలు బాదుకుంది. "నన్ను అడిగిందమ్మగారూ. అడుగున ఏమన్నా ఉందా అని అడిగింది."

చిన్నప్ప తల వంచుకున్నాడు. "నన్నూ అడిగింది."

మదరమ్మ ఆ కొంగు మళ్ళీ ముడేశారు. "నన్నూ అడగడానికే వచ్చింది. నేను చప్పట్లు కొట్టించాను."

పాతిపెట్టడానికి ఏటి ఇవతలివాళ్ళూ అవతలివాళ్ళూ వచ్చారు. అంతమందికి తిండి? బియ్యం ఎక్కడివి? కుండ ఉంది గదా! మూత తీశారు. అడుగు బియ్యానికి పురుగు పట్టింది. చెరిగి, కడిగి, వండారు. ఊరంతా కడుపు నిండా తిన్నది. ఆ హడావుడిలో అత్తెసరు మాట మరిచి, కార్మేలమ్మ పాత అలవాటున గంజి వార్చింది. ఆ గంజి మీగడ కట్టి, పొద్దు వాలేదాకా గట్టు మీద అలాగే ఉంది. తాగే మనిషి లేదు. మిగిలిన సగం కుండే లంకలకు పోయింది.

ఫాదరుగారు ఇన్నాసమ్మ సమాధికి ఒక రాయి చెక్కిద్దామన్నారు. మదరమ్మ ఒప్పుకోలేదు. "రాయి మీద రాస్తే చదివి వెళ్ళిపోతారు. రెండో ఏడు నాచు పడుతుంది, మూడో ఏడు మరిచిపోతారు. నోటితో అడగనివ్వండి" అన్నారు. ఆ తరవాత ఆమె బతికినన్నాళ్ళూ అంట్లు ఆమే తోమారు. అందరూ తిన్నాకే తిన్నారు.

ఇప్పటికీ ఆ బడిలో తపస్సు కాలం కుండకు మూత ఉండదు. ఆమె పోయిన దగ్గర్నించి ఇప్పటికీ మొదటి పళ్ళెం అంట్లు తోమే మనిషికే పెడతారు. పిల్లలు అన్నం ముందు కూర్చుని ఒక్క గొంతుతో అడుగుతారు.

"ఇన్నాసమ్మ తిన్నదా?"

ఆ మనిషి ముద్ద మింగి "తిన్నది" అనాలి. అప్పుడే మిగతావాళ్ళు చెయ్యి పెట్టాలి.

ఏటి పొడుగునా ఆ మాట సామెత అయింది. ఎవరైనా దూరాన దానధర్మాలు చేసి వచ్చి గొప్పలు చెప్పుకుంటే, ముసలివాళ్ళు "అది సరే, ఇన్నాసమ్మ తిన్నదా?" అంటారు.

కాకపోతే పిల్లలు పిల్లలే. ఆకలి మీద ఉంటారు. "ఇన్నాసమ్మ తిన్నదా?" అని వాళ్ళే అడిగి, "తిన్నది, తిన్నది" అని వాళ్ళే చెప్పేసుకుని కలిపేస్తుంటారు. అప్పుడు అంట్లు తోమే ఆమె గరిటెతో గిన్నె మీద ఒక్కటి వేస్తుంది.

"ఇంకా నోట్లో పెట్టుకోలేదర్రా. మళ్ళీ అడగండి."